చివరి పేజీ నుంచి మొదలైన ఓడ

నా చిన్నప్పుడు పుస్తకాలన్నీ చివరి నుంచే మొదలవుతాయని అనుకునేదాన్ని. ఇందులో నా తప్పేమీ లేదు. నాకు మొదటి పుస్తకం చదివి వినిపించిన మనిషి దాన్ని అలాగే తెరిచింది. ఎందుకలా తెరిచిందో ఇన్నేళ్ళుగా ఆలోచిస్తున్నాను, ఇప్పటికీ అంతు చిక్కలేదు. మొన్న మా మనవరాలు నన్ను ఓడ ఎక్కించి సముద్రం మీద తిప్పుకొచ్చింది. అక్కడైనా తెలుస్తుందేమో అనుకుంటే బుర్ర ఇంకాస్త గజిబిజి అయింది.

ఆమె మా పక్కింటి ఖాలా. ఖాలా అంటే పిన్ని. వాళ్ళది ముస్లిముల ఇల్లు, మాది కందులూ జొన్నలూ పండించుకునే ఇల్లు. నారాయణఖేడ్‌లో మా రెండిళ్ళకూ మధ్య ఒక పొట్టి గోడ ఉండేది. దాని మీదుగా కూర గిన్నెలూ, నిప్పుకణికలూ, నేనూ అటూ ఇటూ తిరుగుతుండేవాళ్ళం. ఖాలా చిన్నప్పుడు ఉర్దూ చదువుకుంది. కొడుకులు తెలుగు బడిలో చేరాక వాళ్ళ పక్కన కూర్చుని తెలుగు అక్షరాలు పట్టేసింది. కొడుకులు చదువు వదిలేసి హైదరాబాద్‌లో పనులకు పోయారు గానీ ఖాలా మాత్రం చదవడం వదల్లేదు. కిరాణా కొట్టు నుంచి వచ్చిన పొట్లం విప్పి, పప్పును డబ్బాలో పోసి, ఆ కాగితం పట్టుకుని గడప మీద కూర్చునేది. పొట్లం కాగితంలో కథ ఎప్పుడూ సగమే ఉంటుంది కదా, మిగతా సగం తనే చెప్పేది. ఆ చెప్పేటప్పుడు కూడా కళ్ళు కాగితం మీదే ఉండేవి. ఎక్కడిదాకా కాగితం, ఎక్కణ్నుంచి ఖాలా అన్నది మా ఎవరికీ తెలిసేది కాదు.

ఒకరోజు కొట్టు సేటు పొట్లాల కోసం చింపుతున్న పుస్తకం ఒకటి ఆమె కంట పడింది. చేతిలోంచి గుంజుకుని ఇంటికి తెచ్చింది. రెండు వైపులా అట్టలు లేవు, పేరు లేదు. అది ఒక ముసలాయన, ఆయన మనవరాలు ఓడ మీద దూరదేశం పోయిన కథ. ఆ పుస్తకాన్ని చెక్కపెట్టెలో దాచి, తీరిగ్గా చదువుకుందామంది. నేను అప్పటికింకా బడిలో చేరలేదు.

ఆ ఏడే మా తాతయ్యను దవాఖానకని హైదరాబాద్ బస్సు ఎక్కించారు. కిటికీలోంచి నా తల నిమిరి వస్తానన్నాడు. కొన్నాళ్ళకు మా నాన్న ఒక్కడే తిరిగొచ్చాడు. తాతయ్య ఏడని అడిగితే రేపొస్తాడన్నారు. మరుసటి రోజు అడిగితే మళ్ళీ రేపన్నారు. తర్వాత ఇంటినిండా చుట్టాలు వచ్చి భోజనాలు చేసి వెళ్ళారు. నా మీద ప్రేమతోనే దాచారని పెద్దయ్యాక అర్థమైంది గానీ, అప్పుడు మాత్రం నాకు ఒక్కటే తెలిసింది. పెద్దవాళ్ళు వస్తానంటే రారని.

అలాంటి సమయంలో ఖాలా హజ్‌కు పోతోందని తెలిసింది. బొంబాయి దాకా బస్సూ రైలూ, అక్కణ్నుంచి ఓడ. ఆ రోజుల్లో అది నెలల ప్రయాణం. పోయేవాళ్ళు ముందుగా ఊళ్ళో అందరి దగ్గరికీ వెళ్ళి క్షమాపణ అడగడం వాళ్ళ ఆచారం. "కహా సునా మాఫ్ కరో" అంటారు. నేనేమైనా అని ఉంటే, నీ మనసు నొచ్చి ఉంటే మాఫ్ చెయ్యమని అర్థం. ఖాలా ఇల్లిల్లూ తిరిగింది. తూకం దగ్గర రోజూ పోట్లాడే సేటును అడిగింది. పాలు పోసే ఆమెను అడిగింది. అందరూ చేతులు పట్టుకుని "మాఫ్, మాఫ్" అన్నారు. మా అమ్మ అయితే ఆమెను కావిలించుకుని ఏడ్చేసింది. నేను తలుపు చాటు నుంచి చూస్తున్నాను. తిరిగొచ్చే మనిషైతే మాఫీ ఎందుకు అడుగుతుంది? ఎప్పుడైనా తర్వాత అడగొచ్చు కదా? తాతయ్య బస్సెక్కిన రోజు మా అమ్మ ఏడ్చిన ఏడుపు కూడా ఇలాంటిదే.

చివరకు నా ముందుకొచ్చి కూర్చుంది. చేతులు పట్టుకుని, "నిన్ను కొట్టిన, తిట్టిన, మాఫ్ జెయ్యి బిడ్డా" అంది.

"నేను చెయ్య" అన్నాను.

మా అమ్మకు తల కొట్టేసినట్టయింది. "ఏం మాటలే గవి? ఖాలా దేవుని తానకు పోతుంది, మాఫ్ అను!" అని వీపు మీద ఒకటి వేసింది. నేను పళ్ళు బిగబట్టి నిలబడ్డాను. ఖాలా మా అమ్మను ఆపి, ఎందుకు చెయ్యవని మెల్లగా అడిగింది.

"చేస్తే నువ్వు మళ్ల రావు."

ఖాలా ముఖం చిన్నబోయింది. నాది పిల్లల మొండితనమే కావచ్చు, ఆమెకు మాత్రం అది పెద్ద చిక్కే. ఎవరి మనసైనా నొచ్చుకుని ఉండగా ఆ యాత్రకు పోవడం ఆమెకు ఇష్టం లేదు. నా నోటి వెంట ఆ ఒక్క మాట రావాలి. నాకేమో ఆ మాట అననంత కాలం ఆమె నా దగ్గరే ఉంటుందన్న నమ్మకం. ఇద్దరమూ ఎవరి పంతం మీద వాళ్ళం ఉన్నాం.

ఆ సాయంత్రమే ఖాలా చెక్కపెట్టె తెరిచి ఓడ పుస్తకం తీసింది. గోడ పక్కన చాప వేసి నన్ను కూర్చోబెట్టుకుని, కుడివైపు నుంచి తెరిచి చదవసాగింది. ఓడ ఒడ్డుకు చేరింది. ముసలాయనా మనవరాలూ దిగారు. ఇంటి దగ్గర ముసలమ్మ వేడి నీళ్ళు కాచి పెట్టింది, అందరూ కూర్చుని అన్నం తిన్నారు. కథ అయిపోయింది. నాకేమీ అర్థం కాలేదు. ఎవరు వీళ్ళు, ఎక్కడికి పోయారు, ఎప్పుడు పోయారు? ఖాలాను అడిగితే, "మా తాన కితాబు గిట్లనే తెరుస్తరు. రేపు ఇంగో పాఠం" అంది.

మరుసటి సాయంత్రం దానికి ముందరి పాఠం చదివింది. సముద్రంలో తుఫాను వచ్చింది. తెరచాప చినిగింది, ఓడ ఒక పక్కకు ఒరిగింది, ముసలాయన మనవరాలిని తాడుతో తనకు కట్టుకున్నాడు. వింటున్న మా అమ్మ చేతిలో చాట అలాగే ఆగిపోయింది. నేను మాత్రం అమ్మకు ధైర్యం చెప్పాను. "ఏం గాదే అమ్మా, ఇంటికొస్తరు. అన్నం గూడ తింటరు" అన్నాను. ఖాలా చదవడం ఆపి నా వంక చూసింది. ఆ చూపు ఇప్పటికీ నాకు గుర్తుంది గానీ, దాని అర్థమేమిటో చెప్పమంటే చెప్పలేను. నవ్వు కాదు, ఏడుపూ కాదు.

అలా రోజుకొక పాఠం వెనక్కి నడుస్తూ పోయాం. దొంగలు వచ్చారు, మంచినీళ్ళు అయిపోయాయి, మనవరాలికి జ్వరం వచ్చింది. దేనికీ నేను బెదరలేదు. చివరకు ఓడ బయలుదేరే పాఠం ఒక్కటి మిగిలింది. ఖాలా పుస్తకం మూసేసింది. "గిది నేనొచ్చినంక" అంది. అప్పుడు నేనూ ఒక మెట్టు దిగాను. మాఫీ కూడా నువ్వొచ్చినంకనే చేస్తానని చెప్పాను. ఖాలా సరేనని నా అరచేతిలో చెయ్యి వేసింది.

జొన్న కోతలప్పుడు ఆమె మెడలో పూలదండలతో బస్సెక్కింది. వీధి వీధంతా బస్టాండుకు వచ్చింది. అందరూ కళ్ళు తుడుచుకుంటుంటే నేను తుడుచుకోలేదు. అంత ధైర్యం ఉందా అంటే అదీ లేదు. ఇంటికొచ్చాక గోడెక్కి కూర్చుని వాళ్ళ తాళం వేసిన తలుపు వైపే చూసేదాన్ని. వస్తుందని నమ్మకం ఉండేది, మళ్ళీ తాతయ్య గుర్తొస్తే పోయేది. ఎటూ తేలని ఆ నెలల్లో నేనెంత తిన్నానో ఎంత నిద్రపోయానో మా అమ్మకే తెలియాలి.

తొలకరి పడ్డాక ఖాలా వచ్చింది. సగానికి సగం చిక్కిపోయింది. ఖర్జూరాలూ, మక్కా బావి నుంచి తెచ్చిన జమ్‌జమ్ నీళ్ళూ ఇంకా మూటలోనే ఉండగా చాప వేసి పుస్తకం తీసింది. ఎడమ వైపు చివరికి తిప్పి, మిగిలిన పాఠం చదివింది. రేవులో వేల మంది జనం. ఒడ్డున ఉన్నవాళ్ళు ఏడుస్తున్నారు, ఓడ మీద ఉన్నవాళ్ళు కొంగులు ఊపుతున్నారు. ఓడ కదలగానే అందరికీ వాంతులు. పక్క మంచం ఆమెకు ఊరి నుంచి తెచ్చుకున్న నిమ్మకాయ తొక్కు నాలుక మీద పెడితే గానీ కళ్ళు తెరవలేదు. నేను పడీ పడీ నవ్వాను.

"ఇగ మాఫ్ చేస్తవా?" అంది ఖాలా. నోరు తెరవబోయాను. ఆమె చటుక్కున నా నోటి మీద చెయ్యి పెట్టింది. "వద్దు, ఉండనియ్యి. నీ తాననే ఉండనియ్యి. గా ఒక్కటి ఉండెనని జల్దీ ఒచ్చిన."

అంత గింజుకుని అడిగిన మనిషి, ఇస్తానంటే ఎందుకు వద్దందో నాకు అర్థం కాలేదు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు కూడా.

ఆ ఏడే నన్ను బడిలో వేశారు. వాచకాన్ని చివరి నుంచి తెరిచి కూర్చుంటే పంతులు నా నెత్తిన మొట్టి, పుస్తకం తిప్పి పెట్టాడు. పిల్లలంతా నవ్వారు. చదవడం వచ్చాక ఖాలా పెట్టెలోని పుస్తకం తీసి చూశాను. అది రెండో పాఠం నుంచే మొదలవుతోంది. బయలుదేరే పాఠాన్ని సేటు ఎప్పుడో పొట్లాలు కట్టేశాడు. మరి ఖాలా చదివిన రేవూ, వాంతులూ, నిమ్మకాయ తొక్కూ? అవన్నీ ఆమె హజ్‌కు పోయిన ఓడవే.

అప్పుడు మొదలైన తికమక ఇది. ముందరి పేజీలు లేవని చివరి నుంచి తెరిచిందా? ఉర్దూ అలవాటా? లేక నా భయం పోగొట్టడానికి వేసిన ఎత్తా? ఒకసారి అడిగితే అలవాటేనంది. పెళ్ళై అత్తవారింటికి పోయేటప్పుడు అడిగితే, "నాకు గూడ బుగులుండె బిడ్డా. ఓడ ఒడ్డుకొచ్చేది నేను జూసుకోవద్దా?" అంది. అంటే అది నా కోసం కూడా కాదా? మళ్ళీ అడుగుదామనుకునే లోపే ఆమె కాలం చేసింది.

తర్వాత జీవితంలో ఎన్ని పుస్తకాలు చదివానో లెక్క లేదు. వారపత్రికల సీరియళ్ళు చింపి, గోతం దారంతో కుట్టుకుని చదివాను. బస్టాండు దగ్గర అద్దెకిచ్చే డిటెక్టివ్ నవలల్లో హంతకుడెవరో ముందే చూసుకుని, వాడు మంచివాడిలా నటిస్తుంటే నవ్వుకుంటూ చదివాను. మొదటి కాన్పుకు దవాఖానలో చేరినప్పుడు తలగడ కింద ఒక లావుపాటి నవల ఉంది. చివరి పేజీలో తల్లీబిడ్డా క్షేమమని చూసుకున్నాకే నొప్పులకు సిద్ధమయ్యాను. "నీకు వీలైతే పెండ్లి గూడ అప్పగింతల కాణ్నుంచి చేసుకునేదానివి" అని మా ఆయన వేళాకోళం చేసేవాడు. నాకు నచ్చిన పుస్తకమేదని ఎవరైనా అడిగితే చెప్పలేక తడబడతాను. పేరు లేని పుస్తకం పేరేమని చెప్పను?

ఇక మొన్నటి సంగతి. కొన్నేళ్ళుగా నేను మళ్ళీ నారాయణఖేడ్‌లో మా పుట్టింట్లోనే ఉంటున్నాను. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా మనవరాలు, ముంబై నుంచి గోవా దాకా క్రూజ్ తీసుకెళ్తానని పట్టుబట్టింది. నాకు సముద్రమంటే పుస్తకంలో తప్ప తెలియదు. సరేనన్నాను గానీ, ప్రయాణం దగ్గరపడే కొద్దీ తాతయ్య ఎక్కిన బస్సే గుర్తొచ్చేది. ఏం చెయ్యాలో తోచక చెప్పులేసుకుని వీధిలోకి నడిచాను. ఇంటింటికీ పోయి, నేనేమైనా అని ఉంటే మాఫ్ చెయ్యమన్నాను. జనం బిత్తరపోయారు. కిరాణా కొట్టు నడిపే సేటు మనవడు, "గోవాకు గదా పెద్దమ్మా పోతున్నవ్, ఏమైంది, పానం మంచిగ లేదా?" అని కుర్చీ వేశాడు. నన్ను తీసుకెళ్ళడానికి వచ్చిన మా మనవరాలు సిగ్గుతో చచ్చిపోయింది. పోతున్నది విహారానికని నాకూ తెలుసు. కాళ్ళు మాత్రం ఆగలేదు.

చివరగా వెళ్ళింది ఖాలా వాళ్ళింటికి. ఇప్పుడక్కడ ఆమె మనవరాలు ఉంటోంది. తనకూ తల నెరిసింది. నన్ను ఖాలా అని పిలుస్తుంది. అందరి దగ్గరా అన్న మాటే ఆమె దగ్గరా అన్నాను.

"నేను చెయ్య" అంది.

చెవులు సరిగ్గా పనిచేస్తున్నాయా అనిపించింది. అదే గోడ. ఆ గోడ పక్కన అవే మాటలు.

"దాదీ చెప్పిపోయింది. పక్కింటి బిడ్డ ఎన్నడన్న దూరం పోతనని ఒస్తే మాఫ్ అనొద్దు, ఆమెకు బుగులెక్కువ అన్నది. పోయి రా ఖాలా, ఒచ్చినంక చూద్దాం."

నేను గడప మీదే కూలబడి ఏడ్చాను. సంతోషమో దుఃఖమో ఇదమిత్థమని చెప్పలేను.

ఓడ ఎక్కాక అన్నీ తికమకలే. అది ఓడలా లేదు, లిఫ్టులున్న పెద్ద హోటల్‌లా ఉంది. ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు తింటున్నారు. ప్రమాదం వస్తే ఏం చెయ్యాలో చెబుతూ అందరికీ నారింజ రంగు కోట్లు చూపిస్తుంటే, జనం ఫోటోలు తీసుకుంటున్నారు. ఓడ కదిలేటప్పుడు ముందు భాగంలో నిలబడదామని పోయి చాలాసేపు నిలబడ్డాను. ఎదురుగా సముద్రం కనబడాల్సింది పోయి నగరమే చిన్నదవుతూ కనిపిస్తోంది. చివరకు మా మనవరాలు వెతుక్కుంటూ వచ్చి, "అమ్మమ్మా, ఇది ఓడ వెనుక వైపు" అంది. వెనుక నుంచి మొదలుపెట్టడం నాకు కొత్తేమీ కాదని తనకెలా చెప్పను?

మర్నాడు మధ్యాహ్నం గాలి లేచింది. నేల కాళ్ళ కింద ఊగింది, బల్లల మీద గ్లాసులు జరిగాయి. మా మనవరాలు తెల్లబోయి నా చెయ్యి పట్టుకుంది. సంచిలో కొత్త నవల ఉంది. చివరి పేజీ చూద్దామని తీసి, ఎందుకో మళ్ళీ లోపల పెట్టేశాను.

"ఏం గాదే బిడ్డా, ఇంటికి పోతం" అన్నాను.

"నీకెట్ల తెలుసు?"

ఎలా తెలుసో చెప్పాలంటే గోడ, చాప, అట్టల్లేని పుస్తకం అన్నీ చెప్పాలి. అవన్నీ నాకే సరిగ్గా అర్థం కాలేదు. నారాయణఖేడ్‌లో నన్నింకా మాఫ్ చెయ్యని మనిషి ఒకతె ఉందని మాత్రం చెప్పాను.