చేతి మీది పాస్‌వర్డ్

నా ఎడమ చేతి మీద నా బిడ్డ పేరు పచ్చబొట్టుగా ఉంది. అది పుట్టిన ఏడాదే జాతరలో ఇంగ్లీషు అక్షరాల్లో పొడిపించుకున్నాను. డిగ్రీ సీటు కోసం ఆన్‌లైన్‌లో దానికి ఖాతా తెరిచినప్పుడు, "మర్చిపోని మాటొకటి చెప్పక్కా" అని ఇంటర్నెట్ సెంటరతను అడిగితే చెయ్యి చాపి చూపించాను. ఆ పేరు, వెనక పుట్టిన సంవత్సరం. అదే పాస్‌వర్డ్ అయింది.

ఏ కాలేజీ ముందు, ఏది తరవాత అని వరస పెట్టుకునే గడువు ఆ సాయంత్రంతో అయిపోతుంది. బిడ్డ జగిత్యాలలో స్నేహితురాలింటికి పోయింది. నేను కోరుట్లలో కుట్టుమిషన్ ఆపేసి సెంటర్‌కు వెళ్లాను. అతను పాస్‌వర్డ్ కొట్టాడు. తప్పని వచ్చింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ తప్పే.

"ఎవలో మార్చిండ్రక్కా," అన్నాడు.

పోయినేడు ఒక పిల్ల ఖాతాలో ఎవరో దూరి కాలేజీలు తారుమారు చేశారని, కోరుకున్న సీటు పోయిందని బుగ్గారం నుంచి జాకెట్లు కుట్టించుకోను వచ్చే ఒకామె చెప్పింది. అప్పుడు అయ్యో అని ఊరుకున్నాను. ఇప్పుడు అందరి మీదా అనుమానమే. టేపు పట్టి కొలతలు తీస్తుంటే నా చెయ్యి చూడని ఆడమనిషి కోరుట్లలో ఉందా? ఆ బుగ్గారం ఆమె కూడా చూసిందే. ఆఖరికి ఎదురుగా కూర్చున్న ఇతను కూడా. బుద్ధిలేనిదాన్ని, తాళంచెవిని తలుపుకే వేలాడదీశాను. బిడ్డకు ఫోన్ చేశాను.

"నేనే మార్చిన అమ్మా," అంది. "మా ఇంటర్ కాలేజీల చెప్పిండ్రు. పేర్లు, పుట్టిన తారీకులు పెట్టద్దట. ఎవ్వలకు చెప్పద్దట."

పోయిన ప్రాణం లేచొచ్చింది. దాని వెంటే కోపమూ వచ్చింది.

"ఎవ్వలకంటే? కన్నతల్లికి గూడనా?"

"హైదరాబాద్ కాలేజీ తీసేసి సిరిసిల్లది ముందట పెడుతవేమోనని భయమైందమ్మా. అక్కడ పిన్ని ఇంట్ల ఉండి చదువుకో అని నెల సంది అంటున్నవ్ గదా."

"నేనెందుకు మారుస్తనే? నా మీద గంత నమ్మకం లేదా నీకు?" అని అరిచాను.

సెంటరతను తలెత్తి నన్ను చూశాడు. తరవాత కీబోర్డు పక్కనున్న చీటీని చూశాడు. ఇదే మొదట పెట్టు తమ్మీ అని, సిరిసిల్ల కాలేజీ కోడ్ రాసి వచ్చీ రాగానే అతని చేతికిచ్చింది నేనే.