అందరికీ ఫైవ్ నైన్

రొట్టెల వ్యాను నడిపే ఆయన్ని వీధిలో అందరూ తీగల మామ అంటారు. మేడ మీద ఏరియల్ కట్టొద్దని పక్క వాటాల వాళ్ళు గొడవ పెడితే, "మీ మేడ మీరే ఏలుకోండి" అని రేడియో, తీగలు, సమస్తం తెచ్చి వ్యానులో బిగించుకున్నాడు. అప్పట్నుంచీ తెల్లవారుతూనే ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో మైకు పట్టుకుని, సముద్రాల అవతలి వాళ్ళతో కబుర్లు చెబుతూ కొట్లకి రొట్టెలు వేసొస్తాడు.

అవతలివాడి గొంతు ఎంత బాగా అందిందో అంకెల్లో చెప్పడం ఈ రేడియో వాళ్ళ మర్యాద. ఐదు, తొమ్మిది అంటే అంతకన్నా బాగా వినపడదని అర్థం. మామకేమో చెయ్యీ నోరూ రెండూ ధారాళమే. దోమ గొణిగినట్టు వినపడ్డా సరే, "ఫైవ్ నైన్!" అని పడేసేవాడు. "పోతే ఏం పోయిందే, వాడు సంతోషిస్తాడు" అనేవాడు భార్యతో.

ఈ పిచ్చిని బావమరిదికి కూడా అంటించాడు. బావమరిది పని, తెరచాప పడవలు కొన్నవాళ్ళ రేవుకి వాటిని చేర్చిపెట్టడం. నడిసముద్రంలో ఒక్కడే ఉంటాడు. రోజూ పొద్దున్నే బావతో రెండు ముక్కలు మాట్లాడితేగానీ వాడికి తోచదు. ఆ రెండు ముక్కల కోసమే అక్క కూడా వ్యాను ఎక్కి కూర్చుంటుంది.

ఆ రోజు వాడు పలకరింపు కూడా లేకుండా మొదలెట్టాడు.

"బావా, పడవలోకి నీళ్ళొచ్చేస్తున్నాయ్. తోడలేకపోతున్నా. ఫోను తడిసి చచ్చింది. నేనున్న చోటు రాసుకో."

కాగితం కనపడక అక్క అరచేతి మీదే రాసుకుంది. అక్షాంశం వచ్చింది. రేఖాంశం మొదలయ్యేసరికి వ్యాను వంతెన కిందికి దూరింది. అంతా గరగర. వెనక లారీవాడు హారన్ కొట్టి చంపుతున్నాడు, ఆగే వీల్లేదు. బయటపడేసరికి ఆఖరి మాట ఒక్కటే దక్కింది: "...ఎలా అందింది బావా?"

"ఫైవ్ నైన్!" అన్నాడు మామ.

ఏళ్ళ తరబడి అరిగిన నాలుక కదా, దానంతటది అనేసింది.

"హమ్మయ్య! బ్యాటరీ అయిపోతోంది, కట్టేస్తున్నా. త్వరగా ఎవర్నైనా పంపు."

"ఒరేయ్, ఆగు! ఆగరా!"

ఉత్త హోరు.

"సగమేగా వచ్చింది? అంతా వచ్చిందన్నారేంటండీ?" అంది భార్య.

ఆవిడే సముద్ర రక్షణ వాళ్ళకి ఫోన్ చేసింది. "ఒక్క అక్షాంశమంటే ఉత్త గీతేనమ్మా," అన్నాడు అక్కడి ఉద్యోగి. "ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఉంటుందది. ఎక్కడని వెతకమంటారు?"

మామ వ్యానుని ఉప్పు మడుల పక్క రోడ్డుకి తిప్పాడు. ఆ తడి నేల దగ్గర దూరపు గొంతులు బాగా అందుతాయి. అదీ పొద్దెక్కేదాకానే. ఇంజన్ ఆడుతుంటే దాని రొదలో సన్నని గొంతు వినపడదు, ఆపితే ముసలి బ్యాటరీకి మైకు పలికే శక్తి ఉండదు. స్టార్ట్ చేసి పిలవడం, ఆపి చెవొగ్గడం. కాస్త ముందుకి, కాస్త వెనక్కి. రొట్టెలు రాలేదని కొట్లవాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు. ఎండ అద్దం మీదికి పాకుతోంది.

"మీ మంచితనం నా తమ్ముణ్ణి మింగేసింది," అని ఆవిడ గుండె బాదుకుని ఏడ్చింది. మామ మళ్ళీ తాళం తిప్పి పిలిచాడు, మళ్ళీ ఆపాడు.

హోరు అడుగునుంచి సన్నగా ఏదో కదిలింది.

"బావా... ఉన్నావా?"

మామ తాళం తిప్పాడు. "ఉన్నాన్రా, ఉన్నా!"

"నువ్వు అందరికీ ఫైవ్ నైనే ఇస్తావుగా. అది గుర్తొచ్చి అనుమానమేసింది. అక్క మీద ఒట్టేసి చెప్పు, ఎంత అందింది?"

"సగమేరా. అబద్ధం చెప్పాను. మళ్ళీ చెప్పు, తండ్రీ."

వాడు తిట్టలేదు. తిట్టడానికి బ్యాటరీ ఏది? అంకెలు ఒక్కొక్కటే చెప్పాడు, అక్క అరచేతి మీద రాసుకుంది. మామ ఒక్కొక్కటే తిరిగి అప్పజెప్పాడు. ఆఖరి అంకెకి "అవు..." అని వినపడి ఆగిపోయింది. ఆ తర్వాత ఎంత పిలిచినా ఉలుకూ లేదు, పలుకూ లేదు.

అక్క అరచెయ్యి చూసి అంకెలు ఫోన్లో చదివింది. దగ్గర్లో ఒక సరుకు ఓడ ఉందట, అటు మళ్ళిస్తారట. చేరేసరికి సాయంత్రమవుతుందట.

"అందాకా తేలి ఉంటాడంటారా?" అని అడిగింది, చెరిగిపోతుందేమోనని ఆ చెయ్యి మూయకుండా.

'వాడికేం కాదులేవే' అన్న మాట మామ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"తెలీదే," అన్నాడు. "నాకు తెలీదు."