మూత తీయని రెండో ట్యూబు

మా సారు పోయారని సోమవారం పొద్దున కల్లూరు నుంచి ఫోన్ వచ్చింది. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి పన్నెండేళ్లుగా నా గొంతులోనే ఉండిపోయింది. ఇక మీకే చెప్పుకోవాలి.

సారు కర్నూలు కాలేజీలో వేరుశనగ వైరస్ మీద పనిచేసేవారు, నేను ఆయన దగ్గర పరిశోధన విద్యార్థిని. కమలాపురం చేలకు పోతే ముందు గట్టు మీది వయ్యారిభామ కలుపు పీకేవారు, ఆ పుప్పొడితోనే జబ్బు చేలోకి దిగుతుందని. "ఈ సారు కూలికొచ్చినట్టుండాడే" అని రైతులు నవ్వేవాళ్లు. ఆయనా నవ్వేవారు.

"ఆకులో ఆర్‌ఎన్‌ఏలు వేలుంటాయమ్మా. అన్నిట్లో వైరస్ తనదేదో ఎట్ల కనుక్కోని నకలు తీస్తాది? మందలు కలిసిపోతే మనోళ్లు పూసిన రంగు చూసి తమ గొర్రెను పట్టుకుంటారు గదా. ఈ వైరస్‌కు రంగు దాని పైతొడుగు ప్రోటీనే. అది ఆర్‌ఎన్‌ఏ కొసన అంటుకోకపోతే పనే మొదలుకాదు" అనేవారు.

అది చూపించడానికే నాకు రెండు ట్యూబులిచ్చారు. ఒకదాంట్లో వైరస్ ఆర్‌ఎన్‌ఏ, రెండోదాంట్లో ఆ తొడుగు ప్రోటీను. రెండూ కలిపి అలసంద ఆకులకు రుద్దాలి, వైరస్ అంటుకుంటే వాటి మీద మచ్చలు రావాలి. రుద్దాను. వారమైనా ఒక్క మచ్చ రాలేదు. నాకు తిక్క రేగి, అందరి ముందూ "మీరిచ్చిన ఆర్‌ఎన్‌ఏనే చెడిపోయింది సార్" అనేశాను.

"అయ్యుండచ్చులేమ్మా" అన్నారు. ఉన్నదంతా పారబోసి, ఆ ఎండలో మళ్లీ కమలాపురం పోయి జబ్బు మొక్కలు ఏరుకొచ్చారు. ఆ ఏడాది పనంతా మొదటికొచ్చింది.

ఆయన ఊళ్లో లేనప్పుడే ఐసుపెట్టె అడుగున రెండో ట్యూబు నా చేతికి తగిలింది. మూత కూడా తీయలేదు నేను. గబుక్కున మళ్లీ మంచు కిందికి తోసేశాను. రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపు రాలేదు. తర్వాత ఎన్నిసార్లు కలిసినా ఆయన యోగక్షేమాలే అడిగారు, నేను అవే చెప్పాను.

మొన్న పరామర్శకు సారు ఇంటికి వెళ్తే ఆయన భార్య ఒక డబ్బా తెచ్చి అలసందలు నా కొంగులో పోసింది.

"నువ్వు పెంచిన చెట్ల ఇత్తనాలేమ్మా ఇవి. వైరస్ రుద్దిన మొక్కను మీ సారు కాల్చకుండా ఇడిసిపెట్టినాడా ఎప్పుడన్నా? వీటిని మాత్రం ఇంటికి తెచ్చినాడు. ఐసుపెట్టెలో మూత తీయని ట్యూబు ఆయనకూ కనపడిందంట. 'ఆ పిల్ల రెండో ట్యూబు కలపనేలేదు, వీటికేం కాదు' అని నవ్వుకుంటాండె. 'ఎప్పుడో ఒగనాడు తానే వచ్చి చెప్తాదిలే' అంటాండె. ఏటేటా ఇత్తి, నీకని ఇన్ని తీసిపెట్టేటోడు."

కొంగులోని గింజలనే చూస్తూ కూర్చున్నాను. ఒక్కదాని మీదా మచ్చ లేదు.