పొద్దున్నే రావలసిన మిస్డ్ కాల్

మా అక్కకూ నాకూ మాటలు లేవు, మిస్డ్ కాల్స్ మాత్రం ఉండేవి. ఎవరికైనా చెబితే నవ్వుతారని ఎప్పుడూ చెప్పలేదు. రోజూ పొద్దున ఆరూ నలభై అయిదుకు ప్రొద్దుటూరు నుంచి నా ఫోన్ ఒక్కసారి మోగి ఆగిపోయేది. నేనూ ఒక్క రింగు ఇచ్చి పెట్టేసేదాన్ని. ఎత్తకూడదు. ఎత్తితే మాట్లాడాలి కదా.

గొడవ చిన్నది కాదు. రెండేళ్ళ కిందట రెండు రోజులు సెలవు పెట్టి అక్క వాళ్ళింటికి వెళ్ళాను. రాత్రంతా బస్సులో నలిగి, తల కూడా దువ్వుకోకుండా లోపల అడుగుపెడితే హాల్లో ఎవరో నలుగురు కూర్చుని మైసూర్‌పాక్ తింటున్నారు. వాళ్ళలో తలకు రంగేసుకున్నాయన పెళ్ళికొడుకట. నాకప్పటికి ముప్పై తొమ్మిది. మాట మాత్రమైనా చెప్పకుండా నన్ను పెళ్ళిచూపులకు పిలిపించింది మా అక్క. నాకసలే ముక్కు మీద కోపం. ఆ నలుగురి ముందే అనకూడని మాటలన్నీ అన్నాను. నీ గుమ్మం తొక్కను, నీకు ఫోన్ చెయ్యను అన్నాను. తానూ చచ్చినా చెయ్యనంది. పెట్టె విప్పకుండానే అదే పెట్టెతో సాయంత్రం బస్సెక్కి, దారిలో ఆమె పేరును ఫోన్లోంచి తీసేశాను. నంబరు నోటికి వచ్చు కాబట్టి దానివల్ల ఒరిగిందేమీ లేదు. మనసుకు కాస్త కసి తీరింది.

మర్నాడు ఆరూ నలభై అయిదుకు ఫోన్ ఒక్కసారి మోగి ఆగింది. ఫోన్ చెయ్యనని ఒట్టు పెట్టుకుంది గానీ మిస్డ్ కాల్ ఇవ్వనని పెట్టుకోలేదు, అంత గడుసుది. నేను హాస్టల్లో చదువుకునే రోజుల నుంచీ మా ఇద్దరి లెక్క అది. ఒక్కసారి ఇస్తే అంతా బాగుందని. వెంటవెంటనే రెండుసార్లు ఇస్తే, నువ్వు ఫోన్ చెయ్యమని. ఈ రెండేళ్ళలో రెండోది ఆమె ఒక్కసారీ ఇవ్వలేదు. ముందు ఆమె ఇవ్వాలి, తర్వాత నేను. పెద్దది కాబట్టి ముందు ఆమెదే వంతని నాకు నేనే చెప్పుకున్నాను.

నేనుండేది పుప్పాలగూడలో, పద్నాలుగో అంతస్తులో, ఒక్కదాన్నే. ఆఫీసు రాయదుర్గంలో. వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. సాఫ్ట్‌వేర్ టెస్టింగులో పద్దెనిమిదేళ్ళుగా ఉన్నాను. ఎదుటివాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడానికే నాకు జీతం ఇస్తారు. ఎంత మొండిఘటమైనా సరే, తప్పు దొరక్కుండా వదిలేది లేదని టీములో నాకు పేరు.

ఒక ఆదివారం సాయంత్రం ఫోన్ అప్‌డేట్ అడిగింది. వారం నుంచీ అడుగుతూనే ఉంది, ఆ రోజు పనేమీ లేక పెట్టాను. గంటసేపు నల్లతెర మీద గుండ్రం తిరిగి లేచింది. లేస్తూనే వరసగా ఏవేవో అడిగింది. ఇది చెయ్యనా, అది ఆపనా, ఇంకోదానికి అనుమతిస్తావా అని. చదవకుండా అన్నిటికీ సరే నొక్కాను. చదవకుండా నొక్కేవాళ్ళను ఆఫీసులో నేనెన్ని మాటలంటానో నాకే తెలుసు.

తర్వాత మొదలైంది అసలు తంతు. ఫోన్ పెనంలా కాలిపోయింది. పొద్దున నిండుగా ఉన్న బ్యాటరీ మధ్యాహ్నం భోజనానికే అడుగంటింది. నా వేలిముద్రను అది గుర్తుపట్టలేదు, తడి చేత్తో పెట్టినా, తుడుచుకుని పెట్టినా. బ్యాంకు యాప్ తెరుచుకున్నట్టే తెరుచుకుని మూసుకుపోయింది. తెలుగు కీబోర్డు ఏమైందో దానికే తెలియాలి. నాకు కోపం రాలేదు, నిజం చెప్పాలంటే హుషారొచ్చింది. నాలాంటి బాధితులు నెట్‌లో రాసుకున్నవన్నీ చదివి ఒక్కొక్కటే పట్టుకున్నాను. వెనకాల దొంగచాటుగా నడుస్తున్న యాప్స్ ఆపేశాను. పాత వేలిముద్రలు తీసేసి కొత్తగా ఇచ్చాను. బ్యాంకు యాప్ పీకేసి మళ్ళీ ఎక్కించాను. కీబోర్డు సెట్టింగుల్లో ఎక్కడో అడుగున నక్కి ఉంటే బయటికి లాగాను. సోమవారం రాత్రికి ఫోన్ చల్లబడింది. అన్నీ సరిచేశానని నన్ను నేనే మెచ్చుకున్నాను, అక్కడ ఇంకెవరున్నారు గనక.

సోమవారం పొద్దున అక్క మిస్డ్ కాల్ రాలేదని ఈ హడావిడిలో పెద్దగా పట్టించుకోలేదు. మంగళవారం కూడా రాలేదు. వాల్యూమ్ చూశాను, నిండుగా ఉంది. పదింటికి మా మేనేజరు ఫోన్ చేస్తే లంకంత కొంప ఎగిరిపోయేలా మోగింది. అంటే ఫోన్ బాగానే ఉంది. అక్కే ఆపేసింది.

మొదట ఒళ్ళు మండింది. ఓహో, ఇన్నాళ్ళకు ఇదీ అక్కర్లేదనుకుందన్నమాట, చూద్దాం ఎన్నాళ్ళుంటుందో అనుకున్నాను. నా అంతట నేను ముందు ఇచ్చే ప్రశ్నే లేదు. అంత పౌరుషం ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే, మా ఇంట్లో అందరికీ ఉంది, ఆస్తుల్లో అదొక్కటే సమంగా పంచారు.

వారం గడిచేసరికి కోపం కాస్తా దిగిపోయి ఇంకోటి పట్టుకుంది. పొద్దున ఆరున్నరకే మెలకువ వచ్చేది. ఫోన్ ఛాతీ మీద పెట్టుకుని పడుకునేదాన్ని. నలభై అయిదయ్యేది, యాభై అయ్యేది. నేను లేచినట్టు ఈ భూమ్మీద ఎవరికీ తెలియదనిపించేది. లేవకపోయినా తెలియదు. అమ్మా నాన్నా పోయాక నాకున్నది అక్క ఒక్కతే. ఒక శుక్రవారం సాయంత్రం లాప్‌టాప్ మూసినదాన్ని సోమవారం మీటింగులో నోరు తెరిస్తే గొంతు బొంగురుగా వచ్చింది. మధ్యలో రెండు రోజులు నేనెవరితోనూ మాట్లాడలేదని అప్పుడు తెలిసింది. తిండి తెచ్చేవాళ్ళు కూడా తలుపు దగ్గర పెట్టి పోతారు. ఫోన్ చెయ్యొద్దని ఆ యాప్‌లో రాసుకున్నది నేనే. లోన్ కావాలా అని ప్రాణం తీసే ఫోన్లు కూడా ఈమధ్య రావడం లేదు, వాళ్ళకూ అక్కర్లేకుండా పోయానని నవ్వుకున్నాను. చాలా ఒంటరిగా ఉంది అని ఒకసారి పైకే అన్నాను, గోడతో.

రెండో వారం దాటాక భయం వేసింది. అక్కకు షుగరుంది. ఆమెది నొక్కుడు బటన్ల ఫోను, వాట్సాప్ లేదు, చూసుకోవడానికి ఫోటో లేదు, ఏమీ లేదు. మూడుసార్లు నంబరు నొక్కాను. తొమ్మిది అంకెలు నొక్కి, పదోదాని దగ్గర ఆగి, మొత్తం చెరిపేశాను. ఏమైనా అయితే బావ చెప్పడా అనుకున్నాను. బాగుండే ఆపేసి ఉంటే, నేను చేసి చులకనైపోనా అనుకున్నాను. ఈ రెండు అనుకోవడాల మధ్య ఇంకో అయిదు రోజులు గడిచాయి.

మా ఇంట్లో వంట చేసే ఆమెది పాలమూరు వైపు. నాకన్నా పదేళ్ళు పెద్దదైనా మేడం అనే పిలుస్తుంది, ఎంత చెప్పినా మానదు. కూతురి కాన్పుకని మూడు వారాలు ఊరెళ్ళింది. ఆమెకొక పద్ధతి ఉంది. బెల్లు కొడితే నా మీటింగులో వినపడుతుందని, గుమ్మం ముందు నిలబడి మిస్డ్ కాల్ ఇస్తుంది, నేను వెళ్ళి తలుపు తీస్తాను. ఊరి నుంచి వచ్చిన రోజు తొమ్మిదయినా ఆమె జాడ లేదు. ఈమె కూడా ఎగ్గొట్టిందని గొణుక్కుంటూ చెత్త బుట్ట బయట పెడదామని తలుపు తీస్తే, మెట్ల మీద కూర్చుని ఉంది.

ఎంతసేపయిందని అడిగితే అరగంటంది. ఫోన్ చెయ్యొచ్చు కదా అని విసుక్కున్నాను. ఊళ్ళో పాత ఫోన్ పోయి కొత్త నంబరు తీసుకుందట, దాన్నుంచి నాలుగుసార్లు చేసిందట. రాలేదన్నాను. చేశానంది. నా ఫోన్ గురించి నాకు తెలియదా అని నేను గొంతు పెంచాను. ఆమె లోపలికొచ్చి, నా ఫోన్ తీసి భోజనాల బల్ల మీద పెట్టి, నా ఎదురుగానే తన ఫోన్ నొక్కి నాకు చూపించింది.

“సూడుండ్రి మేడం. నాకాడ పోతనే ఉన్నది. మీ తాన మోగుతలేదు.”

ఆమె చేతిలో కుయ్యి కుయ్యిమని రింగు వినబడుతోంది. నా ఫోన్ చీకట్లో పడుకున్నట్టు కదలకుండా ఉంది. పద్దెనిమిదేళ్ళ టెస్టర్ని, ఒకే ఒక్క పరీక్ష నేను చెయ్యలేదు. అది నాకు తట్టలేదు, ఆమెకు తట్టింది.

సెట్టింగుల్లో అసలు తప్పు దొరకడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఫోన్లో పేరు లేని నంబర్లను మోగనివ్వకుండా పక్కకు నెట్టేసే మీట అది. అప్‌డేట్ రోజు నేనే సరే నొక్కిన వాటిలో ఇదొకటి. ఆపడానికి ఒక్క వేలు చాలింది. పక్కకు నెట్టినవన్నీ వేరే జాబితాలో ఉన్నాయి. పైన వంటామె కొత్త నంబరు అయిదుసార్లు. దాని కింద లోన్ల వాళ్ళు. వాళ్ళ మధ్యన అక్కడక్కడా, నేను పేరు తీసేసిన ఆ నంబరు.

చివరికి లాగి మొదటి నుంచీ చూశాను. సోమవారం ఆరూ నలభై అయిదు. మంగళవారం ఆరూ నలభై అయిదు. తొమ్మిది రోజులు ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా ఒక్కొక్కటే. పదో రోజు రెండు, వెంటవెంటనే. పదకొండో రోజు నుంచి పొద్దున రెండు, మధ్యాహ్నం రెండు, సాయంత్రం రెండు. నువ్వు చెయ్యి, నువ్వు చెయ్యి, నువ్వు చెయ్యి. పదిహేనో రోజు పొద్దున్నే ఒకటి. ఆ తర్వాత నాలుగు రోజులు ఏమీ లేదు.

కుర్చీలో కూలబడ్డాను. వంటామె భయపడి మంచినీళ్ళు తెచ్చింది. మా అక్కవి అని మాత్రం చెప్పాను. ఆమె నిలబడి కాసేపు చూసింది.

“ఇగ కొట్టుండ్రి మరి. కూసుంటే ఏమొస్తది,” అని వంటింట్లోకి పోయింది.

పది అంకెలూ నొక్కాను. రింగు ఆగకుండా మోగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అయిదోదానికి ఎత్తింది.

“ఏమ్మే, ఇప్పుడు తెల్లారిందా నీకు?” అంది అక్క.

రెండేళ్ళ తర్వాత విన్న గొంతు. బతికే ఉంది, వెటకారం కూడా అలాగే ఉంది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే గబగబా చెప్పేశాను, అప్‌డేట్ అని, మీట అని, పేరు లేని నంబర్లని, జాబితా అని. ఆఫీసులో రిపోర్టు రాసినట్టే చెప్పాను, తప్పెక్కడ, ఎందుకొచ్చింది, ఎలా సరిచేశాను. పేరు ఎందుకు లేదో మాత్రం చెప్పలేదు. ఆమె అడగనూ లేదు.

నాలుగు రోజులుగా ఎందుకు ఆపేశావని అడిగాను. బావ చేత మా ఆఫీసుకు ఫోన్ చేయించిందట. మేడం మీటింగులో ఉన్నారని ఎవరో చెప్పారట. అయితే బాగానే ఉంది, నాతోనే వద్దనుకుందని ఆపేశానంది. ఆ రోజు మీటింగులో నేనేం మాట్లాడానో కూడా ఇప్పుడు గుర్తు లేదు.

తర్వాత ఆమె మెల్లగా అడిగింది, కోపంగా కాదు.

“నాది నీకు రాల్యా, సరే. నీది నాకు వచ్చేది గదా మే. నువ్వెందుకు చెయ్యల్యా?”

నువ్వు ముందు చెయ్యాలని చూశానన్నాను. నా మాట నాకే ఎలాగో వినబడింది.

“నాకేమన్నా అయ్యి, చెయ్యలేకపోతాండానేమో అని నీకు తోచల్యా?”

తోచలేదని చెప్పి ఉండొచ్చు. నమ్మేది.

“తోచింది అక్కా,” అన్నాను.

అక్క ఫోన్ పెట్టెయ్యలేదు. అటువైపు ప్రొద్దుటూరు వీధిలో ఎవరో ఆకుకూరలమ్ముకుంటూ పోవడం వినబడింది, తర్వాత అదీ వినబడలేదు. వంటామె ఉప్మాలో ఉప్పు సంగతి అడగడానికి బయటికొచ్చి, నన్ను చూసి, అడక్కుండా వెనక్కి వెళ్ళిపోయింది.