అలివి వల వేటలో రమతో ఒక పూట

నా భార్య రమ మత్స్యశాఖలో ఇన్‌స్పెక్టరు. ఆత్మకూరులో ఉంటూ శ్రీశైలం జలాశయం వెనక నీళ్లలో దొంగవలలు పట్టుకోవడం ఆమె పని. నేను బండల గనులున్న బేతంచెర్లలో బడిపంతులిని. పోయిన నెల ఎవరో ఆమె పడవ మీద రాళ్లు విసిరారని తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. కర్నూలు ఆఫీసుకు బదిలీ అడగమని నచ్చజెప్పాలని ఒక శనివారం బయల్దేరాను.

పొద్దున్నే రైలెక్కి నంద్యాలలో దిగి, ఆత్మకూరు బస్సు పట్టుకున్నాను. రెండు టికెట్లూ కలిపి నూటయాభై లోపే. తొమ్మిదిన్నరకు దిగేసరికి రమ బస్టాండులో బొరుగుల ఉగ్గాని పొట్లంతో నిలబడి ఉంది. అక్కడి నుంచి నీటి ఒడ్డుకు ఆటో మూడు వందలు, ముప్పావు గంట దారి. ఒడ్డున మరబోటుతో, దాన్ని నడిపే మస్తాన్ ఎదురుచూస్తున్నాడు.

"సారుకు ఈత వస్తాదా మేడమ్?"

"బేతంచెర్లలో యాడ నేర్చుకుంటాడు, బండల్లోనా? జాకెట్ వేయి" అంది రమ.

గంట ప్రయాణం తర్వాత ఒక మిట్ట చాటున నలుగురు అలివి వల లాగుతూ కనిపించారు. దోమతెరంత సన్న కన్నుల వల అది, వేలెడు పిల్ల చేపను కూడా వదలదు. అందుకే నిషేధం. మమ్మల్ని చూసి వాళ్లలో పెద్దాయన తెడ్డు పైకెత్తాడు. నేను రమ చెయ్యి పట్టుకున్నాను. ఆమె మెల్లగా విడిపించుకుని మోకాటి లోతు నీళ్లలోకి దిగింది.

"ముందు ఈ పిల్లల్ని వదలండప్పా. మాటలు తర్వాత."

తెడ్డు వైపు చూడకుండా వంగి, దోసిళ్లతో బొచ్చె చేప పిల్లల్ని నీళ్లలో వదలసాగింది. నేనూ చెప్పులతోనే దిగి చేతులు కలిపాను. కాసేపటికి పెద్దాయన కూడా తెడ్డు కింద పెట్టి వంగాడు.

"మీరు వల తీసకపోతే మేమేం జేయాలమ్మా?"

"కేసు తప్పదు పెద్దాయనా. పెద్ద కన్నుల వలకు అర్జీ పెట్టు. సోమారం నేనే వచ్చి రాసిస్తా."

ఆయన నావైపు తిరిగాడు. "నువ్వెవరప్పా?"

"ఆమె భర్తను."

"ఈ పని వద్దని నువ్వన్నా ఆయమ్మకు జెప్పగూడదా?"

"చెప్పడానికే వచ్చినా" అన్నాను నోరు జారి. రమ తలెత్తి చూసింది.

వల పడవలోకి ఎక్కించి తిరిగి వస్తుంటే, ఏం చెప్పడానికి వచ్చావని రమ అడిగింది. దాచకుండా చెప్పాను. ఆమె తడిసిన చీర కుచ్చిళ్లు పిండుతూ అంది.

"నాకూ భయమే. ఆ పొద్దు రాయి చెవి పక్క నుంచే పోయింది. కానీ ఆ పిల్లలు మూరెడు పెరిగి, ఆ పెద్దాయన వల్లోనే పడాల. అది సూడాలని శానా ఉండాది నాకు."

నేనిక బదిలీ మాట ఎత్తలేదు. ఒంటరిగా నీళ్లలోకి దిగనని మాత్రం మాట తీసుకున్నాను.

ఏడాదిగా, ఇంటికి వచ్చినప్పుడల్లా ఆమె చీరల్లో చేపల వాసన వస్తోందని వేళాకోళం చేస్తూ వచ్చాను. ఆ సాయంత్రం బస్సులో నా చేతులకూ అదే వాసన. కడుక్కోబుద్ధి కాలేదు. భయం పోలేదు, పోదు కూడా. అయితే ఇప్పుడు ఆమె ఎక్కడుందో, ఏం చేస్తోందో కళ్లకు కట్టినట్టు తెలుసు.

ఆ ఒడ్డుకు వెళ్లేవారికి ఒక్క మాట: అక్కడ చేపలు తాజాగా, చవకగా దొరుకుతాయి. కానీ అరచేతిలో ఇమిడే పిల్ల చేపలను ఎంత తక్కువకు ఇచ్చినా కొనకండి.