పసికందుల గదికి కనకలక్ష్మి కాపలా

కనకలక్ష్మిది విజయనగరం దగ్గర పల్లె. నర్సు చదువు పూర్తయ్యాక పెళ్ళి చేసుకుని, రైల్వే వర్క్‌షాపులో పనిచేసే భర్త లోవరాజుతో సీతాఫల్‌మండిలో కాపురం పెట్టింది. మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేస్తున్న రోజుల్లో, సికింద్రాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నెలలు నిండని పిల్లల ఇంటెన్సివ్ కేర్‌కు ఇన్‌ఛార్జి సిస్టర్ అయింది.

ఆ పిల్లలు అరచేతిలో ఇమిడేంత ఉండేవారు. ఊపిరి గండం గడిచి, ఇక ఫర్వాలేదనుకున్నాక కొందరు ఉన్నట్టుండి వడిలిపోయేవారు. రక్త పరీక్షలో ఫంగస్ అని తేలేది. నెలలు నిండిన పిల్లల నోట్లో తెల్లపూతగా వచ్చిపోయేదే, అంత చిన్న ఒంట్లో రక్తంలోకి దిగితే ప్రాణం తీస్తుంది. ఒక్క వేసవిలోనే ముగ్గురు పోయారు. మూడో బిడ్డను తండ్రి చేతుల్లో పెట్టింది కనకలక్ష్మే.

"వచ్చాక మందు వేసి లాభం లేదు కనకం, రాకముందే ఆపాలి," అంది పెద్ద డాక్టరు కల్పలత. మరీ తక్కువ బరువున్న పిల్లలకు తొలి వారాల్లోనే ఫంగస్ మందు వారానికి రెండుసార్లు, చిన్న మోతాదులో ఇస్తే చాలామందికి ఆ జబ్బే రావడం లేదని అప్పుడప్పుడే పరిశోధనలు వస్తున్నాయి. కల్పలత ఆ మందు మొదలుపెట్టింది. "కానీ మందొక్కటే చాలదు. అక్కర్లేని యాంటీబయాటిక్ ఆపెయ్యాలి, అది మంచి క్రిముల్నీ చంపి ఫంగస్‌కు చోటిస్తుంది. సెలైన్ గొట్టాలు తొందరగా తీసెయ్యాలి, వాటి వెంటే ఫంగస్ రక్తంలోకి దిగుతుంది. తల్లిపాలు తొందరగా పట్టాలి. పనిలో పడి నేను మర్చిపోతే నువ్వు అడగాలి."

కనకలక్ష్మి అడిగింది. రోజూ రౌండ్స్‌లో ప్రతి బిడ్డ దగ్గరా, "మేడమ్, ఈ గొట్టం ఇంకా ఉండాలా?" అని అడిగింది. ఉంగరాలు, గాజులు తీసి మోచేతుల దాకా కడుక్కుంటేగాని ఎవర్నీ లోపలికి రానివ్వలేదు. గాజులు తీయమంటే పెళ్ళయిన నర్సులు సణిగారు. కనకలక్ష్మి ముందు తనవి తీసి పక్కన పెట్టింది. ఆ తర్వాత ఒక్కొక్కరే తీశారు.

ఆ వానాకాలంలో భానుప్రియ అనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఆరో నెల దాటగానే పాప పుట్టింది. ఆమె అత్త అనసూయమ్మ అల్వాల్ నుంచి తాయెత్తు, ఆముదం సీసా పట్టుకుని వచ్చింది. గుమ్మంలో కనకలక్ష్మి చేతులు చూసి ఉలిక్కిపడింది.

"ఏందమ్మా, పెండ్లయినదానివి, గాజుల్లేని చేతులతోటి పసిబిడ్డను ముట్టుకుంటవా?"

"మా ఆయన నిక్షేపంలా ఉన్నారమ్మా, పొద్దున్నే చద్దన్నం తిని డ్యూటీకెళ్ళారు," అని నవ్వింది కనకలక్ష్మి. "గాజుల సందుల్లో దాక్కునే క్రిములే మీ మనవరాలికి శత్రువులు. తాయెత్తు మీ కోడలి మంచానికి కట్టండి. నూనె మాత్రం వద్దు, ఆ చర్మం తట్టుకోలేదు. మీరు చెయ్యాల్సింది ఒకటుంది. మీ కోడలికి పాలు పడేలా చూడండి."

"బొట్టుబొట్టు పాలతోటి బతుకుతదా?"

"ఆ బొట్లే బతికిస్తాయమ్మా."

మర్నాటి నుంచి అనసూయమ్మ మోండా మార్కెట్‌లో మెంతికూర కొని, వండి, కోడలికి కొసరి కొసరి తినిపించింది. ఎవరూ చెప్పకుండానే గుమ్మం దగ్గర నిలబడి, "జెర మంచిగ కడుగు, గోర్లల్ల సుత!" అని కొడుకునే గదమాయించింది.

ఒక మధ్యాహ్నం పాప రంగు మారింది. పాలు అరగలేదు. ఏ క్రిమి సోకిందో తేల్చడానికి రక్తం కల్చర్ పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చేదాకా కనకలక్ష్మి ల్యాబ్‌కు ఫోన్ చేస్తూనే ఉంది. వచ్చింది ఫంగస్ కాదు, మామూలు బ్యాక్టీరియా. మందుకు లొంగింది. చలికాలంలో పాప బొద్దుగా ఇంటికెళ్ళింది. వెళ్ళేటప్పుడు అనసూయమ్మ కనకలక్ష్మి రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

ఏడాది తిరిగేసరికి ఆ గదిలో ఫంగస్ దాదాపు కనుమరుగైంది. ఊళ్ళోని ఆసుపత్రుల నర్సులందరికీ ఒక సభ పెట్టి, కనకలక్ష్మిని మాట్లాడమన్నారు. కల్పలత మందు గురించి చెప్పింది. గదిలో పాటించిన జాగ్రత్తల గురించి కనకలక్ష్మి చెప్పింది. మొదట కాస్త తడబడింది. పిల్లల సంగతి రాగానే నిలదొక్కుకుంది. చివరి వరసలో కూర్చున్న లోవరాజు అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టాడు.

తిరుగు ప్రయాణంలో లోకల్ రైల్లో అతను ఊరుకోలేదు. పక్కసీటు పెద్దమనిషిని తట్టి, "ఈవిడ మా ఆవిడండీ," అన్నాడు. "ఊళ్ళో నర్సులందరికీ ఇవాళ పాఠం చెప్పొచ్చింది."

"ఊరుకోండి!" అంది కనకలక్ష్మి, కిటికీ వైపు తిరిగి. నవ్వు మాత్రం ఆపుకోలేకపోయింది.