అన్నయ్య ఇంటి వెచ్చని గోడ

మా అన్నయ్య ఇంట్లో ఫ్యూజు పోదని, రైల్వే ఊళ్ళోని ఖరిదా పేటలో మా వీధంతా చెప్పుకునేవారు. ఎండాకాలం సాయంత్రాల్లో ఏదో ఒక ఇంట్లో ఫ్యూజు పోయేది, ఎవరో ఒకరు కొవ్వొత్తి పట్టుకుని స్టూలు ఎక్కేవారు. అన్నయ్య ట్యూబులైటు మాత్రం రెప్ప వెయ్యకుండా వెలుగుతూనే ఉండేది. అది చూస్తే నాకు ఒళ్ళు మండేది.

నిజానికి ఇల్లు ఒక్కటే. నాన్న పోయాక మధ్యలో గోడ పెట్టి, అన్నదమ్ములం చెరో సగం తీసుకున్నాం. రెండు సగాల్లోనూ నాన్ననాటి చెక్క బోర్డులే: పైన ఇనప మెయిన్ స్విచ్, కింద పింగాణీ ఫ్యూజులు. నాలుగు బల్బులకీ ఒక రేడియోకీ సరిపడా వేసిన వైర్లు. తొంభైల మొదటికి ఆ వైర్ల మీదే ఫ్యాన్లు, టీవీ, ఇస్త్రీ పెట్టె వచ్చి చేరాయి. అన్నయ్య వైపు ఫ్రిజ్ కూడా.

నా వైపు ఫ్యూజు తరచుగా పోయేది. నేను బడిలో మాస్టర్ని, కుర్రతనం నుంచీ సంస్కరణ సభల్లో వాదించి పెరిగినవాణ్ణి. ఫ్యూజు ఉన్నది పోవడానికేనని ఇంటిల్లిపాదికీ ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. భారం ఎక్కువైతే అందులోని సన్నని తీగ కరిగి తెగిపోతుంది. అది తెగబట్టే గోడలోని వైరు కాలకుండా మిగులుతుంది. అన్నయ్య రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. ఫిట్టర్ ఇంట్లో ఫ్యూజు పోతే నలుగురిలో తలవంపులు. అందుకని ఆ సన్నని తీగ పీకేసి, లావుపాటి రాగి వైరు మెలిపెట్టి బిగించాడు. ఇక అది ఎంత భారానికైనా తెగదు.

వీధివాళ్ళ పొగడ్తలు భరించగలిగాను. అమ్మ చేసిన పని భరించలేకపోయాను. ఒక వేసవిలో మా వైపు ఫ్యాను ఆగిపోతే, మంచం ఎత్తించుకుని అన్నయ్య వైపు వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

"ఫ్యూజు పోతేనే మంచిదమ్మా" అని ఎంతో నచ్చజెప్పాను.

"వాదనలో నువ్వే గెలుస్తావురా నాయనా. ఫ్యాను మాత్రం ఆడి ఇంట్లో తిరుగుతాది" అంది.

సాయంత్రం బడి నుంచి వచ్చి కూర్చుంటే గోడ అవతల అమ్మ నవ్వు వినిపించేది. టీవీ కోసం మా పిల్లలూ అటే. వదిన వండిన ఆనపకాయ కూర బాగుందని అమ్మ అంటే, అందులో ఉప్పెక్కువని రుచి చూడకుండానే నాకు తెలిసిపోయేది.

ఒక వానాకాలం అటు వెళ్ళేసరికి అమ్మ మంచం బోర్డు కింద గోడకు చేర్చి ఉంది. గోడకు వీపు ఆనించి సుఖంగా కూర్చుంది.

"ఈ గోడ ఎంత వెచ్చగుంటాదో సూడు. నడుం నొప్పికి కాపడం అక్కర్లేదు."

అన్నయ్య ఇంటి గోడలకు కూడా అమ్మంటే ఇంత ప్రేమా అని ముందు కుళ్ళుకున్నాను. తర్వాత చెయ్యి వేసి చూశాను. ఎండ తగలని లోపలి గోడ. అవతల పొయ్యి కూడా లేదు. గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకుని అన్నయ్య దగ్గరికి వెళ్ళాను.

"ఆ రాగి తీగ తీసెయ్. గోడలో వైరు కాలుతోంది."

"నీకేటి బాధ? అమ్మ నా కాడుందని కుళ్ళు. అది సెప్పు."

"కుళ్ళే. అయినా వైరు కాలుతోంది."

"ఠీక్ హై. నీకు కుళ్ళని నేను సీకట్లో కూకోవాలా?"

ఒక మాట నిజమో కాదో తేల్చడానికి, అది చెప్పినవాడి మనసు తవ్వి చూడనక్కర్లేదు. నాకు ఈర్ష్య ఉంది. గోడ వేడిగా ఉంది. రెండూ నిజాలే, ఒకటి రెండోదాన్ని కొట్టెయ్యదు. ఈ సంగతి సభల్లో ఎందరిచేతో ఒప్పించినవాణ్ణి, తోడబుట్టినవాడి చేత ఒప్పించలేకపోయాను.

అంతలో విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు వర్క్‌షాపులో ఎవరూ పనిముట్టు ముట్టరు. యంత్రాలన్నీ ఆపి, బొట్టు పెట్టి దండలు వేస్తారు. అన్నయ్య ఇంట్లో కరెంటు బోర్డుకూ అదే మర్యాద. ఏటేటా పూసిన తడి పసుపు పింగాణీ సందుల్లో గడ్డకట్టి ఉండేది. ఆ ఏడు కొత్త బంతిపూల దండ వేసి, వాకిలంతా సీరియల్ లైట్లు కట్టి, వాటినీ ఆ బోర్డుకే తగిలించాడు. సాయంత్రం నేను వెళ్ళేసరికి ఇంటినిండా చుట్టాలు, తిరుగుతున్న ఫ్యాన్లు, మోగుతున్న టీవీ. అగరొత్తుల వాసన మధ్య రబ్బరు మాడుతున్న వాసన. అమ్మ ఆ బోర్డు కిందే కూర్చుని ఉంది.

ఈసారి అన్నయ్యతో మాట్లాడలేదు.

"అమ్మా, ఇవాళ షాపులో మెషిన్లు తిప్పుతారా?"

"తప్పు కదరా. ఇయ్యాల వాటికి సెలవు."

"బొట్టు పెట్టిన ఈ బోర్డు చేత మాత్రం నీ పెద్దకొడుకు ఏడాదంతా లేని చాకిరీ చేయిస్తున్నాడు."

అమ్మ తల ఎత్తి బోర్డును చూసింది. "పెద్దోడా, ఆపు. దానికీ ఓ పూట సెలవియ్యి."

"దేవుడే లేడన్నోడు నాకు పూజ నేర్పుతున్నాడా అమ్మా?"

"ఆడు సెప్పినాడని కాదు. నాను సెప్తన్నాను."

అన్నయ్య విసురుగా మెయిన్ దించాడు. టార్చి వెలుతురులో దండ తీస్తే, బోర్డు వైపున్న పూలు కమిలిపోయి ఉన్నాయి. మరలు విప్పి బోర్డు ముందుకు లాగాడు. వెనక చెక్క బొగ్గయింది. వైరు మీది రబ్బరు వేళ్ళకు పొడిపొడిగా రాలింది. వేళ్ళు దులుపుకుని, "అమ్మ మంచం అటు పట్టు" అన్నాడు నాతో. ఇద్దరం కలిసి మంచాన్ని గది అవతలి మూలకు చేర్చాం.

నా తర్కమంతా కలిసి చెయ్యలేని పని పూజ నియమం చేసింది. అది కూడా నాకు నచ్చలేదు.

తర్వాత అన్నయ్య వైర్లన్నీ మార్పించి కొత్త బోర్డు పెట్టించాడు. భారం ఎక్కువైతే వాటంతటవే పడిపోయే చిన్న నల్ల స్విచ్‌లు. వేలితో పైకి తోస్తే చాలు, కొవ్వొత్తీ స్టూలూ అక్కర్లేదు. చూడ్డానికి వీధివాళ్ళు వచ్చి, మళ్ళీ అన్నయ్యనే పొగిడారు. నేను మాత్రం స్టూలు ఎక్కుతూనే ఉన్నాను.

"ఆ గోడ ఇప్పుడు చల్లబడింది కదమ్మా, మా వైపు వచ్చెయ్" అన్నాను ఒకనాడు.

"మీ ఇంట్లో ఫ్యూజు ఇంకా పోతందా?"

"పోతోంది."

"పోతేనే మంచిదన్నావు కదరా" అంది అమ్మ. అని, మంచం మీద కాస్త జరిగి ఫ్యాను కింద నాకు చోటిచ్చింది.

కూర్చున్నాను. గాలి బాగానే వస్తోంది.